సీతాలప్పకి రాయవలసిన మాట

విశాఖపట్నం,
8-11-1987, ఆదివారం.

సీతాలప్పకి గౌరీశ్వరి నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. హోములో అందరం కులాసా. ఆనందపురంలో నువ్వూ మీ పిన్నీ కులాసా అని తలుస్తాను. నా చేతిరాత నువ్వెప్పుడూ చూడలేదు. అప్పట్లో నాకు రాయడం రాదు. ఇప్పుడు వచ్చింది.

ముందు మంచి కబురు. మొన్న గురువారం కోర్టులో తీర్పు చెప్పారు. క్యాంటీన్లో పని ఇప్పిస్తానని మనిద్దర్నీ ఎలమంచిలిలో రైలెక్కించి, పోర్టు వెనక వీధిలో ఆ ఇంటికి అమ్మేసిన నరసింహమూర్తికి ఏడేళ్ల జైలు. ఆ ఇల్లు నడిపినావిడకీ శిక్ష పడింది. జడ్జిగారు చదివింది నాకు సగం అర్థం కాలేదు. మన వకీలు భీమశంకరరావు గారు వెనక్కి తిరిగి నాకేసి తల ఊపారు. అప్పుడు ఏడ్చాను. బయటికొచ్చాక మన వార్డెను జయమణి గారు అందరికీ చెరకురసం ఇప్పించారు. ఇరవై ఏళ్లు నర్సుగా చేసి, రోడ్డు పక్క ఏదీ ముట్టనివ్వని మనిషి, తనే రెండు గ్లాసులు తాగారు.

నేను సాక్ష్యం చెప్పిన రోజు వాళ్ల ప్లీడరు, నీ ఇష్టంతోనే వచ్చావు కదా అని అడిగాడు. “రైలెక్కింది నా ఇట్టంతోనే బాబూ. గిన్నెలు తోమడానికి ఎక్కినాను. ఆడు నన్ను దింపిన కాడ గిన్నెల్లేవు” అన్నాను. వెనకాల ఎవరో నవ్వారు.

పని సంగతి కూడా విను. హోము వెనక షెడ్డులో ఏడుగురం కుట్టుపని చేస్తున్నాం. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట వెల్డింగు చేసేవాళ్లకి తోలు గ్లౌజులు. నేను కుట్టిన మొదటి జత రెండూ ఎడమ చేతివే. మొన్న సరుకు ఇవ్వడానికి దేముడమ్మా నేనూ ఉక్కునగరం వెళ్లాం. నా పక్క మిషను మీద కుట్టేది దేముడమ్మే. అక్కడ రోడ్లు వెడల్పు, మనుషులు ఇంకా పల్చన. సైకిలు నేర్పిస్తానని ఎక్కించింది. రెండుసార్లు పడ్డాను. మూడోసారి సెక్టారు చివరిదాకా వెళ్లాను. షిఫ్టు దిగి వస్తున్న ఒకాయన “ఏటమ్మా, రోడ్డంతా నీదేనా?” అన్నాడు. “ఈ పూటకి నాదే బాబూ” అన్నాను. ఆ రోజంతా నాకు నవ్వు ఆగలేదు.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట పోలీసులు నన్ను విడిపించి హోముకి తెచ్చినప్పుడు నువ్వు అప్పటికే అక్కడున్నావు. నీకేసి చూడకుండా మొహం తిప్పుకున్నాను. “నన్నొగ్గేసి ఒక్కర్తీ పారిపోనాది” అని అందరికీ చెప్పాను. నువ్వు ఒక్క మాట అనలేదు. వారం తిరక్కుండా మీ పిన్ని దగ్గరికి వెళ్లిపోయావు.

పోలీసులకి ఇరుగుపొరుగు ఎవరో చెప్పి ఉంటారనుకున్నాను. కోర్టులో, పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చింది తానేనని జయమణి గారు సాక్ష్యం చెబుతుంటే, ఆ ఇంటి సంగతి మీకెవరు చెప్పారని వాళ్ల ప్లీడరు గుచ్చి గుచ్చి అడిగాడు. ప్రమాణం చేశాక ఆవిడ దాచలేరు కదా. నీ పేరు చెప్పారు. ఒక ఠాణాలో కసిరి పంపేస్తే, రెండు రోజులు ఊరంతా తిరిగి తన దగ్గరికి చేరావట. అన్నం పెడితే చెయ్యి పెట్టలేదట. “నాను తరవాత తింతాను. లోపల గౌరి ఉంది. ముందు దాన్ని తెండి” అన్నావట. ఈ మాట నాకు తెలియనివ్వొద్దని ఒట్టు కూడా వేయించుకున్నావట.

అప్పా, ఆ ఇంట్లోంచి బయటపడ్డాక నేను తిన్న మొదటి ముద్ద నీ వల్లే తిన్నాను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను.

మీ పిన్నికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలి లాంటి
గౌరీశ్వరి

తా.క. పైన అంతా రాశాను గానీ నిజం రాయలేదు. ఆ ఇంట్లోంచి పారిపోయిన మధ్యాహ్నం నువ్వు నన్ను వదిలేసి పోలేదు. పెరటి తలుపు తీసి నా చెయ్యి పట్టుకుని సందులోకి లాగావు. నాలుగు అడుగులు వేశాక నేనే భయపడి, నీ చెయ్యి విదిలించుకుని లోపలికి పరిగెత్తాను. గడియ పెట్టిందీ నేనే. ఆ సిగ్గు మొయ్యలేక తప్పు నీ మీద వేశాను. అది నీకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. నిన్న భోజనాల దగ్గర అందరి ముందూ నేనే చెప్పేశాను. తర్వాత దేముడమ్మ “మరైతే ఆ యప్పని తేకుండా ఇక్కడేటి సేత్తన్నావ్?” అంది. వచ్చే ఆదివారం మొదటి బస్సుకి ఆనందపురంలో దిగుతాను. రావొద్దనుకుంటే ఒక కార్డు రాయి. రాసినా వస్తాను.