ఆకలి లేని మాస్టర్లు

3 జులై 1983
వైవా తేదీ వచ్చింది. ఆగస్టు 24. పగలు హైస్కూల్లో సోషల్ పాఠాలు, సెలవుల్లో పీహెచ్‌డీ చాకిరీ. నలభై దాటాక ఎడ్యుకేషన్‌లో డాక్టరేటు. డిగ్రీ చేతికొస్తే ట్రైనింగ్ కాలేజీలో లెక్చరర్ పోస్టు. రేపటి టీచర్ల ముందు నిలబడి కడుపులో ఉన్నది కక్కొచ్చు. మా ఆవిడ పుష్ప సంతోషపడింది. నేనూ పడ్డాను. కాదని ఎందుకు రాయాలి?

10 జులై
ఐదో చాప్టర్ మళ్ళీ చదివాను. కొట్లాటంతా దీని మీదే. గాజువాక నుంచి దువ్వాడ దాకా బళ్ళు తిరిగాను. మధ్యాహ్నం ఉప్మా గంట కొట్టగానే తలుపు దగ్గర నిలబడి, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో రాసుకున్నాను. ఉప్మా వండేది మాలపేట ఆడవాళ్ళు. పిల్లలు, అన్ని కులాల వాళ్ళూ తింటారు, మారు అడుగుతారు. తిననిది మాస్టర్లు. రుచి చూడటం వాళ్ళ డ్యూటీ, అయినా చూడరు. కులం అని ఒక్కడూ అనడు. ఒకాయనకి షుగరు, ఒకాయనకి శనివారం. ఎక్కువమంది చెప్పింది మాత్రం ఒకటే: ఆకలి లేదు. టేబుల్‌లో ‘కారణం’ అని ఒక కాలమ్ పెట్టాల్సొచ్చింది. గీతలు గీసింది పుష్పే. ఈ దేశంలో ఇంతమంది ఆకలితో మాడుతుంటే, ఆకలి లేని జాతి ఒక్క మాస్టర్లదే!

కూర్మన్నపాలెం బడిలో ఉప్మా వండేది మా అమ్మ అప్పలమ్మ. నా థీసిస్ పుట్టింది ఆ పొయ్యి దగ్గరే.

18 జులై
గైడు శ్రీరామ్మూర్తి గారు పిలిచారు. చాప్టర్ బ్రహ్మాండం అన్నారు. తర్వాత గొంతు తగ్గించి లంచ్ సంగతి ఎత్తారు. వైవా రోజు ఎగ్జామినర్లకి స్కాలరే భోజనం పెట్టాలి. ఏ రూల్సులోనూ లేదు. డిపార్ట్‌మెంటులో తప్పినవాడూ లేడు. ఇంటి నుంచి తెస్తానన్నాను. ఎందుకయ్యా ఇంట్లోవాళ్ళకి శ్రమ, హోటల్‌కి చెప్పు అన్నారు. మద్రాసు నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ పాతకాలం మనిషట. నాకేం పట్టింపు లేదు సుమా, నీ మేలు కోరి చెబుతున్నా, డిగ్రీ వచ్చాక ఎన్ని విప్లవాలైనా చేసుకో అన్నారు.

తిరిగొస్తూ బస్సులో గుర్తొచ్చింది. ఆయన ఒకసారి మా ఇంటికొచ్చారు. అమ్మ ప్లేటు నిండా గారెలు తెచ్చింది. ఆయన కొబ్బరిబొండాం అడిగారు. ఎంత సాదాసీదా మనిషి అని ఊరంతా చెప్పుకున్నాను. బొండాం లోపలికి మా చెయ్యి పోదు కదా. ఆ సంగతి ఆరోజు తట్టలేదు.

19 జులై
హోటల్ భోజనం పెట్టను. పెడితే ఐదో చాప్టర్ చింపెయ్యాలి.

14 ఆగస్టు, ఆదివారం
చర్చి నుంచి వచ్చాక ఇంట్లో లంచ్ గురించే రభస. అమ్మ వంజరం పులుసు అంది. పుష్ప ఒద్దంది. చేపలొద్దు, ఉల్లీ వెల్లుల్లీ ఒద్దు. పనసపొట్టు ఆవపెట్టి, ముద్దపప్పు, దబ్బకాయ పచ్చడి, పరమాన్నం. అమ్మ నవ్వింది. సేపలొద్దన్నావు, ఉల్లిపాయొద్దన్నావు, ఇంకేటి మిగిలిందే, నా సెయ్యొక్కటే గదా అంది. అందుకే గదత్తా, ఆ సెయ్యే తినిపిత్తాను ఆళ్ళకి అంది పుష్ప.

మా బడి డ్రిల్లు మాస్టరు సన్యాసిరాజు అక్కడే ఉన్నాడు. ఆళ్ళు తినకపోతే ఏటి సేత్తావ్ బావా అన్నాడు. మొహం మీదే అడుగుతానన్నాను. అడిగినోడివే! కాయితం మీద పులివి, ప్రొఫెసర్ కాడ పిల్లివి అన్నాడు. కొట్టబోయాను.

23 ఆగస్టు, సాయంత్రం
గైడు గారి కబురు. హోటల్‌కి ఆయనే చెప్పేశారట. నన్నేమీ తేవద్దన్నారు.

పెరట్లో అమ్మ పనసకాయ కొడుతోంది. చెప్పలేదు.

24 ఆగస్టు, ఉదయం
పెద్ద కారేజీ. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. తొడలు కాలాయి.

అదే రోజు, సాయంత్రం
వరసగా రాస్తాను. కారేజీ వరండాలో అటెండరు జగ్గయ్య బల్ల కింద పెట్టాను. ముందు వైవా కానీ అనుకున్నాను. బాగానే చెప్పాను. ఎక్స్‌టర్నల్ ఐదో చాప్టర్ తీశారు. ఆకలి లేదన్న మాస్టర్లది అబద్ధమని నీకెలా తెలుసు అని అడిగారు. గంట తర్వాత ఇంటికెళ్ళి సుష్టుగా తింటారు కనక అన్నాను. ఆయన నవ్వారు. గైడు నవ్వారు. నేనూ నవ్వాను.

ఒంటిగంటకి ఆ వరండా పక్క గదిలోనే ఆకులు వేశారు. హోటల్ వాళ్ళు వడ్డిస్తున్నారు. సర్, మా అమ్మ వండి పంపింది అన్న మాట నోటి దాకా వచ్చింది. గైడు నా వైపు చూసి, కూర్చో ఆనందకుమార్ అన్నారు.

కూర్చున్నాను.

సాంబారు దగ్గర ఎక్స్‌టర్నల్ తలెత్తారు. ఎక్కడో ఆవపెట్టిన వాసన, పనసపొట్టులా ఉందే, తిని ఎన్నాళ్ళయిందో అన్నారు. గైడు ఆకులోంచి తలెత్తలేదు. పాతకాలం మనిషి నన్నే చూస్తున్నాడు. తినేవాడేమో. ఇప్పటికీ తెలీదు. నేను అడిగితే కదా! నోట్లో ముద్ద పెట్టుకున్నాను. పెరుగన్నం దాకా తిన్నాను.

డిగ్రీకి సిఫార్సు చేశారు. ఒక్క షరతు: ఐదో చాప్టర్‌లో సాక్ష్యం ఇంకాస్త చేర్చి పంపాలి.

ఇంటి దగ్గర అమ్మ మూతలు తీసింది. ఏటి నాయినా, ఎవులూ ముట్టలేదేటి అంది.

ఎవరికీ ఆకలి లేదమ్మా అన్నాను.

పుష్ప నా మొహం చూసి లోపలికి పోయింది.

25 ఆగస్టు
అమ్మ రాత్రే ఆ కూర మళ్ళీ వేడిచేసి పెట్టి, పొద్దున్న బడికి పట్టుకెళ్ళింది. పిల్లలు గిన్నె నాకేశారట.

2 సెప్టెంబరు
ఐదో చాప్టర్ టైపిస్టుకి ఇచ్చేశాను. టేబుల్ అడుగున ఒక వరస కలిపాను.

ఉద్యోగం: హైస్కూలు మాస్టరు. వండినది: తల్లి. తిన్నాడా: లేదు. కారణం: ఆకలి లేదు.