ఎర్ర పెన్ను కొట్టేసిన షరతు

గోదావరిఖని, గురువారం

బాపూ, నా ఫోన్ మోగడం లేదని ఫికర్ చెయ్యకు. పరీక్షలయ్యేదాకా ఫోన్లన్నీ హాస్టల్ మేడం బీరువాలో ఉంటాయి, అందుకే ఈ కార్డు.

ఒంట్లో బాగానే ఉంది, కడుపు మాత్రం మండిపోతోంది. మ్యాథ్స్ పరీక్షలో 'ఇ పవర్ ఏటీ'కి లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ కనుక్కోమన్నారు. అందరూ పట్టికలోంచి బట్టీ పట్టిన జవాబు రాసి లేచారు. నేను సున్నా నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేసి అదే జవాబు తెచ్చి, కింద 'ఎస్ విలువ ఏ కన్నా పెద్దదైతేనే ఈ జవాబు చెల్లుతుంది' అని రాశాను. అలా లేకపోతే ఆ మొత్తం అంతులేకుండా పెరిగిపోతుంది, జవాబే నిలవదు. సార్ ఆ షరతును ఎర్ర పెన్నుతో కొట్టేసి ఒక మార్కు కోశాడు.

క్లాసులో పేపర్లిచ్చినప్పుడు అడిగితే, "గా షరతు నిన్నెవ్వలు అడిగిన్రు? జవాబు రాసి ఊకోరాదు" అన్నాడు.

"మా బాపు ముప్పై ఏండ్ల సంది బొగ్గుబాయిల దిగుతుండు సార్. పైకప్పు కూలుతదేమోనని కర్రతోని తట్టి, సప్పుడు ఇననిదే దాని కింద అడుగు వెయ్యడు. గట్ల తట్టుడు దండుగని బాయిల ఎవ్వలు అనరు" అన్నాను.

పీరియడ్ అయ్యేదాకా నన్ను బయట నిలబెట్టాడు.

నా నల్ల చున్నీ, కొంచెం మామిడి తొక్కు పంపు. నాయనమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నారా? నీ కొత్త బూట్లు ఇంకా కరుస్తున్నాయా? అమ్మకు, నాయనమ్మకు దండాలు చెప్పు.

సోమవారం మళ్ళీ పరీక్ష. అదే లెక్క వస్తే ఆ షరతు మళ్ళీ రాస్తాను, మార్కు పోతే పోనీ. నువ్వు మాత్రం రిటైరయ్యే ఆఖరి షిఫ్టు రోజున కూడా కప్పు తట్టకుండా అడుగు వెయ్యకు.

నీ బిడ్డ
రవళి