బెండ జిగురు పొర

మార్చి 17, సోమవారం

ఎట్టకేలకు తినే పొర చిరగకుండా వచ్చింది! బెండకాయ జిగురు, గ్లిజరిన్... అంతే. గ్లిజరిన్ తక్కువైతే అప్పడంలా విరిగేది, ఎక్కువైతే పళ్లెం వదిలేది కాదు. పులుపు కోసం ఈసారి పచ్చిమామిడి రసం రెండు చెంచాలు కలిపాను. నాలుక మీద పెట్టుకుంటే ఇట్టే కరిగింది. దేవుడా, థాంక్స్.

శుక్రవారం ప్రాజెక్టు చూడ్డానికి హెడ్డాఫీసు నుంచి సార్ వస్తారు. ఈలోగా పదిమంది తిని రుచి చెప్పాలి. లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది, దాంతో నా ఉద్యోగమూ.

మార్చి 18

ఇంటి ఓనరు లచ్చమ్మత్తను అడిగాను. "పది మందేనేటి? నాను తెత్తాను." ఎంత తేలిగ్గా అనేసిందో!

మార్చి 19

ఊరి ఆడవాళ్లు పదిమందీ వచ్చారు, పనులు మానుకుని. ల్యాబ్ వరండాలో కూర్చున్నారు. లచ్చమ్మత్త ముక్క చేతిలోకి తీసుకుంది. "ఇందల ఏటేటి ఏసినావమ్మా?"

మామిడి కొత్త పండగ ఇంకా కాలేదు. రెండేళ్లుగా ఈ కొండ ఊళ్లోనే ఉంటూ మర్చిపోయాను, బుద్ధి లేనిదాన్ని.

అటెండర్ అప్పలరాజు నా చెవిలో — "నిమ్మరసం అని సెప్పీయండి మేడమ్. ఎవులికి తెలుస్తాది?"

నిజమే, ఎవరికీ తెలియదు. అనబోయాను కూడా. రాసుకోవడానికే సిగ్గుగా ఉంది.

"మామిడి" అన్నాను.

ముక్కలన్నీ మెల్లగా పళ్లెంలోకి తిరిగొచ్చాయి. "అమ్మోరికి ఎట్టకుండా కొత్త మామిడి ముట్టం తల్లీ" — లచ్చమ్మత్త. గొంతులో కోపం లేదు. వెళ్లిపోయారు. ఏడ్చాను.

మార్చి 20

పొద్దున్నే తలుపు చప్పుడు. లచ్చమ్మత్త, ఒడి నిండా బెండకాయలు. వెనక నిన్నటి వాళ్లంతా.

"మామిడి మానేసి మల్లీ సెయ్యి. బేగి!"

కోశారు, నానబెట్టారు, గుడ్డలో వేసి పిండారు. నేను గ్లిజరిన్ కొలిచాను. మధ్యాహ్నానికి పళ్లేల్లో పోసేశాం. ఆరడానికి రోజుపైనే పడుతుంది. వేడి పెడితే ముడుచుకుపోతుంది. ఈ ఆడవాళ్లకు నేనేమవుతానని ఇంత చేశారు?

మార్చి 21, శుక్రవారం

మబ్బు. తేమ. పొర అంచులు లేస్తున్నాయి, నడుమ ఇంకా వేలికి అంటుతోంది. సార్ కారు ఘాట్ ఎక్కిందట.

ఇవాళ సంత. ఒక్కరూ వెళ్లలేదు, అందరూ రుచి చూడ్డానికి వరండాలోనే ఉన్నారు.

"అత్తా, సంత పోయింది కదా నా వల్ల..."

"సంత వచ్చే వారవూ ఉంటాది. నువ్వుండాల కదేటి?"

పొర ఆరిందేమో, మళ్లీ వెళ్లి వేలు పెట్టి చూస్తాను.