దోనె ముక్కు కింద గాడి

12 జూన్ 2013
ఆఫీసు విందు. విమానాశ్రయం దారిలో కొత్త హోటల్. లాబీలో గోదావరి దోనె... ఒకే దుంగను తొలిచినది. లోపల నీళ్లు, గులాబీ రేకులు. పక్కన పలక: ‘ఏరు దాటించే దోనె’.
సుజాత ఉండి ఉంటే ఆ పలక పీకేసేది.

13 జూన్
అటక మీంచి ఆమె నోటు పుస్తకాలు దించాను. ఆమె పోయిన రెండేళ్లకు.
ఉప్పు, బట్టలు ఎగువకు. చింతపండు, ఇప్పపువ్వు, మైనం దిగువకు. రాజమండ్రి నుంచి సిరొంచ దాకా దోనెల దారి. ఆ దారి తామే కనిపెట్టామని రాసుకున్న తెల్లదొరలు కూర్చున్నదీ ఆ దోనెల్లోనే — ఇదీ ఆమె థీసిస్.
గైడు ఒప్పుకోలేదు. “దోనె ఈ గట్టు నుంచి ఆ గట్టుకేనమ్మా. కాదంటే రుజువు తీసుకురండి.”
నేను... “శంషాబాద్‌లో బిందెడు నీళ్లకు దిక్కులేదు, నీకు పడవల చరిత్ర.” మొగుడినన్న ధీమాతో అన్నాను. ఆమె నవ్వలేదు. మళ్లీ రాయలేదు.

16 జూన్
చివరి పుస్తకంలో: ‘దుమ్ముగూడెం బండల దగ్గర దోనెకు తాడు కట్టి ఎగువకు లాగేవారు. అలా లాగిన దోనెకు ముక్కు కింద తాడు ఒరిసిన గాడి ఉంటుంది. రేవు దాటించే దోనెకు ఉండదు. ఒక్కటి దొరికితే చాలు.’
దుమ్ముగూడెం వెళ్దామని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నాకు సెలవు లేదు.

17 జూన్
మళ్లీ హోటల్. వంగి ముక్కు కింద తడిమాను. ముక్కే లేదు. రంపం కోత, పైన వార్నిష్.
గార్డు వచ్చాడు. “ఏంది సార్, ఏమన్న పడిపోయిందా?”
“దీని ముక్కేది?”
“లిఫ్టుకు అడ్డమొస్తున్నదని కోయిపిచ్చిన్రు. తుక్కుగూడ వడ్రంగి మేస్త్రీ కోసిండు. ఏం తక్కువైంది సార్, పూలు మంచిగనే తేలుతున్నయి గద.”

18 జూన్
వాన. వెళ్లలేదు. వాన ఒక సాకు.

20 జూన్
తుక్కుగూడ. మేస్త్రీ చాయ్ తెప్పించాడు.
“గా ముక్కనా? సగం పొయ్యిలకు పోయింది సారూ. ఇగ సగం ఆ కట్టెల కింద ఉన్నది. జర నువ్వే గుంజుకో.”
గుంజాను. ఒక పక్క కాలింది. అడుగున గాడి. వేలు సరిగ్గా పట్టింది.
“ఇది నీ ఉలి దెబ్బా?”
“ఏమో సారూ, యాదికి లేదు. కట్టెకు గింత పరేషాన్ ఎందుకు?”

21 జూన్
ముక్క బల్ల మీద. తాడు ఒరిపిడే కావచ్చు. ఉలి జారిందీ కావచ్చు. ఆమె అయితే తడిమి చెప్పేది.
దుమ్ముగూడెంలో దోనెలు లాగిన ముసలివాళ్లు ఇంకా ఎవరైనా...
సెలవు చీటీ రాశాను. కారణం దగ్గర ఖాళీ.