షాదీఖానా నడిమి గోడ

ఏప్రిల్ 9, బుధవారం

ఈ పేజీ నుంచి రాయబోయే ప్రతి అక్షరానికీ ముందుగానే తల వంచి, చేతులు కట్టుకుని, సవినయంగా క్షమాపణ కోరుతున్నాను. షాదీఖానా కమిటీ అధ్యక్షులు మస్తాన్ సాబ్ గారికి. వారి సెల్‌ఫోన్‌లో కొలువుదీరిన దుబాయ్ మసీదుల ఫోటోలకు. ఏ గోడ కనిపించినా వారు పూయించాలనుకునే ఆకుపచ్చ రంగుకు. అనంతపురంలో నాలుగేళ్లు సివిల్ ఇంజనీరింగ్ చదివి, పైసా తీసుకోకుండా ఈ హాలుకు ప్లాను గీసిచ్చిన మూర్ఖుడికి — అంటే నాకు.

చివరి పేరు తప్పించి మిగతా క్షమాపణలన్నీ అబద్ధం.

ఏప్రిల్ 10

గుమ్మటం యుద్ధంలో ఓడిపోయాను. ఫైబర్ గుమ్మటం లారీలో దిగింది. మేస్త్రీ ఓబులేసు మామ చుట్టూ తిరిగి చూసి, ట్యాంకు బాగుండాది, ఎన్ని లీటర్లు పడతాయి అన్నాడు. వీధిలో ఇద్దరు ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వచ్చారు కూడా. బోర్లు ఎండిన ఊరికి ఆకుపచ్చ గుమ్మటం చూపించి ఆశ పెట్టాం. పాపం ఎవరిదో.

పోనీ. గుమ్మటం వాళ్లది. నడిమి గోడ నాది.

ఏప్రిల్ 13, ఆదివారం

గోడ పూర్తయింది. మగవాళ్ల వైపుకీ ఆడవాళ్ల వైపుకీ మధ్య — ఇటుకలు కోసి, ఎనిమిది మూలల నక్షత్రాల్లా సందులు వదిలిన జాలీ. ఓబులేసు మామ జీవితంలో మొదటిసారి ఒక గోడను మూడుసార్లు ఇప్పి కట్టాడు. నన్ను తిట్టుకుంటూనే. కట్టాక మాత్రం దూరంగా నిలబడి బీడీ ముట్టించి, ఆరిపోయేదాకా చూశాడు.

మస్తాన్ సాబ్ వచ్చారు.

"ఇదేమప్పా ఇంజనీరూ, కోళ్లగూడు కట్టినావు?"

ఉపన్యాసం ఇచ్చాను. మగవాళ్ల వైపు పెద్ద కిటికీలు, వెలుతురు. ఆడవాళ్ల వైపు మసక. మసకలోంచి వెలుతురు కనిపిస్తుంది, వెలుతురులోంచి మసక కనిపించదు. పాత కోటల్లో, దర్గాల్లో చేసింది ఇదే. పైగా గాలి ఆడుతుంది — ఈ ఎండలకు... నమ్మలేదు. నేను ఆడవాళ్ల వైపుకి వెళ్లి వేళ్లు చూపించి, ఎన్ని అని అడిగాను. కనపళ్లేదన్నారు. అప్పుడు ఆయన నా వైపుకి వచ్చి చూశారు. కుర్చీలు, తలుపు, ఓబులేసు మామ చేతిలోని తాపీ, అన్నీ కనిపించాయి. చాలాసేపు చూశారు. గెలిచాననుకున్నాను.

"బాగుండాది. మూసెయ్."

ఆడవాళ్లకు వినపడితే చాలట. స్పీకరు పెడతారట. డిజైను కావాలని నేనే కదా గోల చేసింది — జాలీ బొమ్మ ఉన్న వాల్‌పేపర్ తెప్పించి అంటిస్తారట. డిజైనూ ఉంటుంది, గోడా ఉంటుంది.

ఏప్రిల్ 14

ఇంట్లో చెప్పాను. అక్క నిఖా వచ్చే నెల నాలుగున, ఆ హాల్లోనే, మొదటి కార్యం. జేజి తమలపాకు నములుతూ నవ్వింది.

"నా నిఖానే నేను చూడలేదు రా. గోడవతల మీ తాత కబూల్ అన్నాడంట. ఎవురన్నారో ఏమో... ఇన్నేండ్లు కాపురం చేస్తి."

అందరం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె మళ్లీ అంది, నెమ్మదిగా — మీ నాయనది చూడలే. మీ అత్తలవీ చూడలే. దీనిదన్నా చూస్తాననుకొంటి.

అన్నం సగంలో లేచాను. ఆకలి లేకనే. కోపంతో కాదు. కాదు అని రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 17

మూసేశారు. నక్షత్రాలన్నీ. పూడ్చింది ఓబులేసు మామ. పక్కన నిలబడింది నేను. ఇంతకు మించి రాయను.

ఏప్రిల్ 26

మగవాళ్ల వైపు వాల్‌పేపర్ అంటించారు. బొమ్మలో జాలీ. జాలీ వెనక సముద్రం. నీలంగా, అలలతో. మా జిల్లాలో! కమిటీ మొత్తం దాని ముందు నిలబడి ఫోటో దిగింది. నన్నూ పిలిచారు. మునిగిపోతానేమోనని దూరంగా నిలబడ్డాను.

మే 3, శనివారం

కొత్త హాల్లో మొదటి నిఖాకు ముందు, పెళ్లికూతురి ఇంటి ఆడవాళ్లు నేల కడగాలి. ఆనవాయితీ. మస్తాన్ సాబ్ స్వయంగా ట్యాంకరు తెప్పించి, బాగా కడగండమ్మా అని చెప్పి వెళ్లారు.

జేజి సంగతి... బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్లు వేపమొక్కకు పోసే మనిషి. ఆమె నేల జోలికే పోలేదు. నడిమి గోడ దగ్గరికి వెళ్లి, గోటితో సున్నం గీకింది. గోరు చూసుకుంది. నన్ను చూసింది. ఆమె మట్టిమిద్దెలో పుట్టి పెరిగిన మనిషి. బకెట్ అడిగింది.

ఒకటి. రెండు. తరువాత లెక్క తప్పింది. అత్తలు కూడా కలిశారు. జేజీ, నీళ్లు దండగ అన్నాను. బాధ్యత గల ఇంజనీరుగా అనాలి కదా.

"గోడకు దుమ్ముండాది రా. నువ్వు బయటికి పో."

పోయాను. గడప కిందనుంచి ఎర్రనీళ్లు నా చెప్పుల దాకా వచ్చాయి.

మే 4

ఖాజీ గారు పెళ్లి ఖుత్బా చదువుతున్నారు. ముందు వరసలో, నడిమి గోడకు ఆనుకుని కమిటీ. సముద్రం ఒక మూల కొంచెం ముడుచుకుంది. తరువాత ఇంకొంచెం. వెనకనుంచి తడి... మస్తాన్ సాబ్ కూర్చున్న చోటునుంచే ఒక చేయి ఎత్తి నొక్కిపట్టారు. రెండో మూల ఊడింది. రెండో చేయి ఎత్తారు. ఆ తరువాత మొత్తం సముద్రం, అలలతో సహా, నిదానంగా జారి కమిటీ మీద పడింది.

గోడనిండా నల్లటి నక్షత్రాలు. వాటి వెనక ఒక్క ముఖం కూడా కనిపించలేదు. చెప్పాను కదా. ఆ రోజే చెప్పాను కదా!

ఖాజీ గారు ఆగారు. చీకట్లోంచి జేజి గొంతు —

"పిల్లోడు కనపడతాండాడు. కానీండి."

ఖాజీ గారు గడ్డం నిమురుకుని చదువు సాగించారు. బావ మూడుసార్లు కబూల్ అన్నాడు. మూడోసారి గోడ వైపు తిరిగి అన్నాడు.

మే 6

పక్క వీధి ఖైరున్బీ వచ్చింది, బక్రీదు తరువాత కూతురి నిఖాకు హాలు కావాలట. ఆ చిల్లుల గోడ ఉంటేనే అంది. మా నాయనకు కాదు, నేరుగా మస్తాన్ సాబ్‌కే చెప్పి వచ్చిందట.

మే 8, గురువారం

రేపు జుమ్మా నమాజు అయ్యాక కమిటీ ముందు నిలబడాలి. గోడ తవ్వింది ఎవరో తేలాలట. ఓబులేసు మామను కూడా రమ్మన్నారు — సిమెంటు మూట తీసుకుని. సాయంత్రం ఇంటికి వచ్చి అడిగాడు.

"ఏం చెప్పల్లప్పా రేపు?"

జేజి పేరు చెప్పొద్దన్నాను. మిగతాది తెలియదన్నాను. నిజంగానే తెలియదు. మళ్లీ మూస్తారో, వదిలేస్తారో, నన్నే వెళ్లగొడతారో. తల మాత్రం వంచను. మొదటి పేజీలో వంచినదే చాలు.

గోడ నేను తవ్వలేదు. నీళ్లు నేను పోయలేదు. జేజికి ఒక్క ముక్క చెప్పలేదు. వాల్‌పేపర్‌ను కనీసం ముట్టుకోలేదు.

చేసింది ఒక్కటే. ఆ పదిహేడో తేదీ, సిమెంటు పెట్టి పూడ్చమని మస్తాన్ సాబ్ చెప్పి బండెక్కి పోయాక, ఓబులేసు మామ చేతిలోంచి తాపీ తీసుకుని అన్నాను: "సిమెంటు వద్దు మామా. ఎర్రమన్ను పెట్టు, పైన సున్నం కొట్టు. వాన పడని ఊర్లో తేడా ఎవరికి తెలుస్తుంది?"

ఆయన మన్ను నానబెట్టాడు.