భీముడి చుక్కలు, బుజ్జమ్మ దువ్వెన

ఏవండీ, ఏడు శనివారాల మొక్కులో ఇవాళే ఆఖరిది, వాడపల్లి బస్సుకి పోతున్నాను. పప్పుచారు పొయ్యి మీద ఉంది.

ఫ్రిజ్ మీదున్న గోమార్ల పురుగులు పోయే చుక్కల మందు కుక్కకి మాత్రమే. భీముడి మెడ వెనక బొచ్చు పాయ తీసి, తోలు మీద వెయ్యండి. అది మన పిల్లి బుజ్జమ్మకి తగిలితే ప్రాణానికే ముప్పని డాక్టరు గారు చెప్పేరు, రేపటిదాకా రెండిటినీ ఒకచోట పడుకోనివ్వకండి. మందు మెడపట్టీ కడితే భీముడు కొరికేస్తాడు. మాత్ర బెల్లంలో పెట్టినా బెల్లం మింగి మాత్ర ఉమ్మేస్తాడు, అచ్చం మీలాగే. పోయినసారిలా వరిచేను మందు కలిపి పోశారంటే మటుకు ఊరుకోను. ఆ వాంతులన్నీ కడిగింది నేను.

బుజ్జమ్మ పిల్లలకి పాలిస్తోంది, దానికి మందేమీ వద్దు. దువ్వెనతో పేలు దువ్వి సబ్బునీళ్ళలో ముంచితే చాలు.

మరిచాను, అద్దం దగ్గరున్న సన్నపళ్ళ దువ్వెనే బుజ్జమ్మది. మొన్న మా చెల్లి నిశ్చితార్థానికి వెళ్తూ మీరు మీసం దువ్వుకున్నది దాంతోనే. అప్పుడే చెప్పేదాన్ని, ఆ పొద్దున నా పులిహోరకి వంక పెట్టకపోయుంటే.