నువ్వు మోసుకెళ్లిన బిందెలు

ఆళ్లగడ్డ

సుంకులక్కా,

మీ ఊరి కొళాయికి నీళ్లు ఎందుకు రావడం లేదో నిన్న బయటపడింది. ఎదురుగా చెప్పే మొహం లేక రాస్తున్నాను.

పెద్ద పైపులైను శుభ్రం చేసేవాళ్లు నంద్యాల నుంచి వచ్చారు. లోపలి బురదను తోయడానికి వాళ్లు వదిలిన స్పాంజి ముద్ద మా అరటితోట దగ్గర ఇరుక్కుంది. తవ్వి చూస్తే, పైపులోకి దూర్చిన మా దొంగ గొట్టం కనిపించింది.

"ఏందన్నా ఇది? కింది ఊరోళ్లు ఏం తాగల్ల?" అని వాళ్లలో ఒకాయన అడిగాడు.

"తోట ఎండిపోతాంటే ఏం జేసేదప్పా?" అన్నాడు మా ఆయన.

నాకు తెలియదని రాయలేను. బోరు ఎండినా తోట పచ్చగా, నువ్వు బిందెలు ముంచుకునే మా ఇంటి తొట్టి నిండుగా ఉంటే, ఎట్లా అని నేను అడగలేదు.

రేపు విచారణకు ఆఫీసరు మీ ఊరికి వస్తాడు. "సుంకులమ్మ ఇన్నాళ్లూ మనింటి నీళ్లు తాగింది, మనకు ఎదురు చెప్పదులే" అంటున్నాడు మా ఆయన. ఆ మొహమాటం పెట్టుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెప్పు.

బిందె ఎత్తుకున్న ప్రతిసారీ "నీ కడుపు సల్లగుండ తల్లీ" అనేదానివి. నేను నవ్వుతూ ఆ దీవెన తీసుకునేదాన్ని. అవి మీ ఊరి నీళ్లేనక్కా.